మంచి నాన్న దొరకడం హక్కు కాదు

మహిళల ప్రీమియర్ లీగ్ వేలం దగ్గరపడిందంటే నంద్యాల బస్టాండు చుట్టుపక్కల టీ బంకుల్లోనూ, ఆళ్లగడ్డ కూడళ్లలోనూ మగవాళ్ల మధ్య ఒక కొత్త రకం చర్చ వినిపిస్తోంది. "ఆ పాప ఎడమచేత్తో తిప్పుతాది కదప్పా, ఈసారి కోటి దాటుతాది సూడు" అని ఒకరు. "ఫీల్డింగు నిదానం, ఆయమ్మికి ఎవురూ చెయ్యెత్తరులే" అని ఇంకొకరు. ఎవరు ఏ జట్టుకు పోతారు, ఏ జట్టు సంచిలో ఎంత మిగిలింది, కొత్తగా కనిపిస్తున్న పందొమ్మిదేళ్ల పిల్లల్లో నిలబడేదెవరు అని లెక్కలు వేస్తారు. 2025 నవంబరు 27న ఢిల్లీలో జరిగిన వేలంలో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని ఢిల్లీ జట్టు కోటీ 30 లక్షలకు తీసుకుంది. ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి మీదుగా పోతే వచ్చేది కడప జిల్లాయే కాబట్టి "మన పిల్లే" అన్నవాళ్లు ఈ వైపునా తక్కువేమీ కాదు.

ఈ చర్చను మనం ఎలా చూడాలి? మన సంఘాల్లో కొందరికి 'వేలం' అన్న మాటే రుచించదు. ఆడపిల్లను నిలబెట్టి రేటు కట్టడమేమిటి, ఇదీ ఒక సంతేనా అని అడుగుతారు. ఆ అసహనానికి కారణం ఉంది. ఆడపిల్లను తూచి చూడడం మనకు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో ఎత్తు చూస్తారు, రంగు చూస్తారు, నడిపించి చూస్తారు. కట్నం రేటు మాట్లాడతారు. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లా పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి ఆడపిల్లలనే ఏరుకునేవారు. వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, ఓపికగా పువ్వు విప్పుతారు, ఎదురు మాట్లాడరు, కూలి తక్కువ అన్నవే అక్కడి అంచనాలు. తండ్రికి అడ్వాన్సు ఇచ్చి, బడిలో ఉండాల్సిన పిల్లను సీజను పొడుగునా చేనుకు కట్టేసిన కథలు ఈ ప్రాంతంలో పనిచేసిన కార్యకర్తలందరికీ తెలుసు.

అయినా ఈ రెంటినీ ఒక గాటన కట్టేయడం సరికాదని నా అభిప్రాయం. ఆటగాళ్ల వేలం ఆడవాళ్లకు మాత్రమే ఉన్నది కాదు. అక్కడ ధర పలికేది మనిషికి కాదు, కొన్ని సీజన్లపాటు ఆమె చేసే పనికి. ఆ డబ్బు ఆమె పేర వస్తుంది. పైగా మన ఊళ్లలో ఒక అమ్మాయి గురించి పదిమంది మగవాళ్లు కూర్చుని ఆమె రంగు, కులం, నడవడి ఎత్తకుండా, ఆమె బంతి ఎక్కడ పడుతుంది, ఎటు తిరుగుతుంది అని మాత్రమే మాట్లాడుకోవడం ఎన్నడైనా చూశామా? ఇది చిన్న మార్పు కాదు. దాన్ని గుర్తించాలి.

అభ్యంతరం చెప్పాల్సింది రెండింటి మీద. ఒకటి ఆ రేటు. రెండోది, అంతకంటే పెద్దది, ఆ అంచనా ఎంత ఆలస్యంగా మొదలవుతోందన్నది.

ముందు రేటు సంగతి చూద్దాం. 2024 నవంబరులో జెద్దాలో జరిగిన మగవాళ్ల ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు కొనుక్కుంది. మరుసటి సంవత్సరం మహిళల వేలంలో ఒక్కో జట్టు మొత్తం ఆటగాళ్ల మీద పెట్టగల ఖర్చు 15 కోట్లు. ఒక్క మగ ఆటగాడికి పలికిన ధరలో సగానికి కొంచెం పైగా ఉన్న సొమ్ముతో ఒక ఆడ జట్టునే సమకూర్చుకోవాలన్నమాట! దేశం తరఫున ఆడని కొత్తవాళ్లకు మగవాళ్ల వేలంలో కనీస ధర 30 లక్షలు, ఆడవాళ్లకు 10 లక్షలు. శ్రీచరణి 2024 డిసెంబరులో ఆ 10 లక్షల కనీస ధరతోనే వేలంలోకి వచ్చి 55 లక్షలకు వెళ్లింది.

"ఆదాయం ఎంత ఉంటే ధర అంత" అని దీనికి సమాధానం చెబుతారు. ఆ ఆదాయం ఎందుకు తక్కువైందో కూడా చెప్పాలి కదా. మన దేశపు మహిళల క్రికెట్ 2006 దాకా బీసీసీఐ గొడుగు కిందికే రాలేదు. 2005 ప్రపంచకప్పులో ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున ముట్టిందని ఆనాటి కెప్టెన్ మిథాలీ రాజ్ తర్వాతి కాలంలో చెప్పారు. మగవాళ్ల ఐపీఎల్ 2008లో మొదలైతే ఆడవాళ్ల లీగ్ 2023లో మొదలైంది. పదిహేనేళ్లు అంగడి తలుపు మూసిపెట్టి, తెరిచిన మర్నాడే "మీ సరుకుకు గిరాకీ లేదు" అనడం ఎలాంటి న్యాయం? తెరిచిన తలుపు కూడా సగమే. ఉన్న జట్లు ముంబై, ఢిల్లీ, బెంగళూరు, గుజరాత్, యూపీ. రెండు తెలుగు రాష్ట్రాల పేరున ఒక్క జట్టు లేదు.

క్రికెట్‌కైనా ఆ సగం తలుపు ఉంది. మన కస్తూర్బా విద్యాలయాల్లో, జిల్లాపరిషత్ బడుల్లో ఆడపిల్లలు ఎక్కువగా ఆడేది కబడ్డీ, ఖోఖో. మగవాళ్ల ప్రో కబడ్డీ 2014 నుంచి నడుస్తోంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ ఒక ఆటగాడికి రెండున్నర కోట్లు దాటి పెట్టింది. ఆడవాళ్లకు 2016లో మూడు జట్లతో ఒక ముచ్చట జరిపి ఆపేశారు. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచకప్పు గెలిచిన మన మహిళల కబడ్డీ జట్టు మీద టీ బంకుల దగ్గర అంచనాలు వేసినవాళ్లు ఎందరు? లీగే లేనప్పుడు అంచనాలు ఎక్కడివి?

ఇక రెండో విషయం. వేలం రోజున మనకు కనిపించే జాబితా ఎవరిది? 2023 ఫిబ్రవరి 13న ముంబైలో జరిగిన మొదటి వేలానికి 1,525 మంది పేరు నమోదు చేసుకుంటే 409 మందిని జాబితాలో చేర్చారు. అమ్ముడైనది 87 మంది. విదేశీయులను తీసేస్తే అయిదు జట్లలోనూ కలిపి మనవాళ్లకు దక్కేవి సుమారు 60 చోట్లు. వడపోత గట్టిదేనని అభిమానులు అనుకుంటారు. అసలు వడపోత ఆ 1,525కు ఎంతో ముందే, ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే, ఎవరి కంటా పడకుండా జరిగిపోతోంది.

ఆదోని అమ్మాయి అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద భారత జట్టుకు ఆడింది. మొదటి వేలంలో యూపీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకుంది. ఆమె తండ్రి ఉపాధ్యాయుడు. శ్రీచరణి తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో చిన్న ఉద్యోగి. ఆమె ముందు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి, పదహారేళ్ల వయసులో గానీ క్రికెట్‌ను గట్టిగా పట్టుకోలేదు. 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. ఇద్దరి కష్టమూ, ప్రతిభా ఎవరూ కాదనలేనివి. వాళ్ల కుటుంబాల నిబ్బరానికి చేతులెత్తి మొక్కాలి. అయితే ఒక్కటి గమనించండి. ఇద్దరిదీ నెల జీతం వచ్చే ఇల్లు. పదహారేళ్లకు ఆట మార్చుకుంటానంటే సరేనన్న ఇల్లు. కూలికి పోయే ఇంట్లో, ఎకరా రెండెకరాల సేద్యం చేసే ఇంట్లో పదహారేళ్ల పిల్ల సంగతి ఏమిటి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత. అభిమానుల లెక్కల్లోకి రాకుండానే పోయిన బౌలర్లు, బ్యాటర్లు, రైడర్లు ఈ అంకెల్లో ఉన్నారు.

పెళ్లయితే ఆట ముగిసినట్టేనన్న నమ్మకం కూడా ఈ వడపోతలో భాగమే. విశాఖపట్నం అమ్మాయి స్నేహ దీప్తి 2013లో, పదహారేళ్లకే దేశానికి ఆడింది. తర్వాత పెళ్లయి, బిడ్డ తల్లై, మళ్లీ బ్యాటు పట్టి 2023లో 30 లక్షలకు ఢిల్లీ జట్టులో చేరింది. అది జరిగే పనేనని ఆమె నిరూపించింది. కానీ అలాంటి ప్రతి కథలోనూ మనం చివర చెప్పుకునే మాట ఒకటే: "ఇంట్లోవాళ్లు మంచివాళ్లు, ఒప్పుకున్నారు." మంచి నాన్న, మంచి మామ, మంచి మొగుడు. వీళ్లు దొరకడం అదృష్టం, హక్కు కాదు. అదృష్టం మీద ఆధారపడ్డదాన్ని ఎంత గొప్పగా పొగిడినా అది హక్కు అయిపోదు.

అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు వేలం ఉండదు, 'డ్రాఫ్ట్' ఉంటుంది. ఏటా ఏప్రిల్‌లో మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు వంతులవారీగా, ఎక్కువగా కాలేజీల్లో ఆడుతున్న అమ్మాయిలను ఎంచుకుంటాయి. అక్కడి అభిమానులు నెలల ముందు నుంచీ ఏ కాలేజీ పిల్ల ఎత్తెంత, చేయి చాపెంత, దూరం నుంచి ఎన్ని బుట్టలో వేస్తుంది అని జాబితాలు రాసుకుంటారు. మన టీ బంకుల చర్చకు పెద్దక్క అనుకోండి. డబ్బు విషయంలో అక్కడా న్యాయం లేదు. 2024లో మొదటి ఎంపికగా వెళ్లిన కైట్లిన్ క్లార్క్‌కు తొలి ఏడాది లీగ్ జీతం 76,535 డాలర్లు. అదే ఏడాది మగవాళ్ల డ్రాఫ్ట్‌లో మొదటివాడికి కోటీ 20 లక్షల డాలర్ల పైమాటే. క్లార్క్ ఆడిన ఆ ఏటి కాలేజీ మహిళల ఫైనల్‌ను టీవీలో చూసినవాళ్లు మగవాళ్ల ఫైనల్ చూసినవాళ్ల కంటే ఎక్కువ. అయినా జీతం అంతే. గిరాకీ ఉంటే ధర దానంతటదే వస్తుందనేవాళ్లు ఈ సంగతి కూడా చూడాలి.

కానీ అక్కడ జాబితాలోని చాలా పేర్ల పక్కన ఒక కాలేజీ పేరు ఉంటుంది. 1972లో వచ్చిన 'టైటిల్ నైన్' చట్టం ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థలోనూ ఆడ, మగ తేడా చూపకూడదంది. ఆ నియమం మైదానానికీ, కోచ్‌కీ, స్కాలర్‌షిప్‌కీ వర్తించింది. ఆ చట్టం వచ్చే ముందు అక్కడి హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు సుమారు 3 లక్షలు. 2018–19 నాటికి 34 లక్షలు. అమ్మాయిల ఎముకల్లోగానీ, తండ్రుల మనసుల్లోగానీ ఒక్కసారిగా మార్పు రాలేదు. చట్టం వచ్చింది, దాన్ని అమలు చేయమని స్త్రీలు కోర్టులకెక్కారు. అక్కడ అమ్మాయిని ఆటకు తయారుచేసే బాధ్యత కాలేజీది. ఇక్కడ ఆ బాధ్యత తండ్రిది. మన అభిమానుల జాబితాలో పేరు పక్కన కాలేజీ పేరు ఎందుకు ఉండదన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే స్త్రీలకు ఈనాటికీ రైల్వే ఉద్యోగమే పెద్ద దిక్కు. దక్షిణ రైల్వేలో పనిచేసిన గీతు అన్నా జోస్ 2011లో అమెరికా జట్ల ట్రయల్స్ దాకా వెళ్లింది. ఆమెను అంత దూరం పంపిన ఏర్పాటు ఆ రైల్వే కొలువేగానీ ఏ లీగూ కాదు.

మరి మనకు చట్టాలు లేవా? ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ప్రతి బడికీ ఆటస్థలం, ఆట వస్తువులు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని రాశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలన్నారు. ఇది దానం కాదు, చట్టం. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా రాష్ట్ర ప్రభుత్వం 'ఆడుదాం ఆంధ్రా' పేరుతో సచివాలయాల స్థాయి నుంచి పోటీలు పెట్టింది. ఆడపిల్లలూ ఆడారు. కానీ ఒక సీజను పోటీ వేరు, రోజూ సాయంత్రం ఒక గంట మైదానం మీద హక్కు వేరు. ప్రపంచకప్పు గెలిచాక శ్రీచరణికి రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. ఆమె దానికి అన్నివిధాలా అర్హురాలు. గెలిచాక ఇంత ఇచ్చే చేయి, గెలవక ముందు బడికి ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలిని ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి?

తండ్రుల భయాన్ని కూడా మనం తేలిగ్గా తీసేయకూడదు. సాయంత్రం ఆరు దాటాక ఆటస్థలం నుంచి పిల్ల ఎలా ఇంటికి వస్తుంది? సెలక్షన్లకు పొరుగూరు పోతే ఎక్కడ పడుకుంటుంది? కోచ్ ఎలాంటివాడు? 2023లో ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మాలిక్, ప్రపంచ స్థాయిలో గెలిచిన వినేశ్ ఫోగట్ లాంటివాళ్లే లైంగిక వేధింపుల ఫిర్యాదుల మీద విచారణ కోసం జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద పడుకోవాల్సి వచ్చింది. చాలా క్రీడా సమాఖ్యల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీయే సరిగా లేదని జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ ఏడాది నోటీసులిచ్చింది. పేరున్నవాళ్ల గతే అదైతే ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కే పద్నాలుగేళ్ల పిల్ల తండ్రి భయపడడంలో వింతేముంది? "భయపడకండి" అని ఉపన్యాసం చెప్పడం కాదు, భయపడాల్సిన అవసరం లేని ఏర్పాటు చూపించాలి. పని స్థలంలో లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థలనూ, స్టేడియాలనూ, పోటీలు జరిగే చోట్లనూ పని స్థలాలుగానే గుర్తించింది. పద్దెనిమిది లోపు పిల్లలకు 2012 పోక్సో చట్టం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో కనీసం నలుగురు స్త్రీలు ఉండాలంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. వీటిని నంద్యాలకు దించాల్సింది మనమే.

ఇక్కడ మన అభిమాన సోదరులకు కూడా ఒక మాట. టీవీలో ఆడే అమ్మాయి ఆటను అంత శ్రద్ధగా చూసే కళ్లే కాలేజీ మైదానంలో ఆడే అమ్మాయిని మరో రకంగా చూస్తున్నాయి. ప్రహరీ గోడ మీద వరుసగా కూర్చుని ఈలలు వేసేవాళ్లు, సెల్‌ఫోన్‌లో బొమ్మలు తీసేవాళ్లు ఎవరు? ఈ చూపుకు జడిసే ఎందరో పిల్లలు తొమ్మిదో తరగతితో ఆట మానుకుంటున్నారు. కోటి రూపాయల బౌలర్ మన సీమ నుంచి ఇంకొకతె రావాలని మీకుంటే, ముందు ఆ గోడ దిగండి. దిగి, మైదానం ఎవరిదని మీరూ మాతో కలిసి అడగండి.

మనం చేయగల పనులు పెద్దవేమీ కాదు. మన రెండు ఊళ్లలోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఏ బడికి ఆటస్థలం ఉంది, ఏ బడికి వ్యాయామ ఉపాధ్యాయులు ఉన్నారు, ఆడపిల్లలకు వారానికి ఎన్ని గంటలు మైదానం దొరుకుతోంది అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబులను గ్రామసభలో చదవవచ్చు. ప్రభుత్వ కాలేజీ మైదానాల్లో సాయంత్రం ఒక గంట అమ్మాయిలకే కేటాయించాలని ప్రిన్సిపాళ్లను కోరవచ్చు. సెలక్షన్ల తేదీ, చోటు, పద్ధతి ముందుగా గోడ మీద అంటించాలనీ, అమ్మాయిలతో ప్రయాణానికి ఒక ఉపాధ్యాయురాలు తప్పనిసరిగా ఉండాలనీ నిలదీయవచ్చు. కోచింగ్ కేంద్రాల్లో ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో బోర్డు రాయించి, జిల్లాలో చట్టప్రకారం ఉండాల్సిన స్థానిక కమిటీ సభ్యుల పేర్లు పిల్లలకు తెలిసేలా చూడవచ్చు. మన పొదుపు సంఘాల సమావేశాల్లో పిల్ల పెళ్లి మాటతోపాటు పిల్ల ఆట మాట కూడా రావాలి.

అడిగితే జరగదనుకోకండి. 2022 అక్టోబరులో దేశం తరఫున ఆడే మ్యాచ్‌లకు ఆడ, మగ ఆటగాళ్లకు సమాన ఫీజు ప్రకటించక తప్పలేదు. 2025 డిసెంబరులో సీనియర్ మహిళల దేశవాళీ మ్యాచ్ ఫీజు రోజుకు 20 వేల నుంచి 50 వేలకు పెరిగింది. ఇవేవీ మార్కెట్ జాలిపడి ఇచ్చినవి కావు. ఆడి, గెలిచి, అడిగి తెచ్చుకున్నవి.

చివరగా ఒక సంగతి మరచిపోకూడదు. మన పోరు ఆ 60 చోట్ల కోసం కాదు. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో మైదానంలోకి దిగే వందమంది అమ్మాయిల్లో తొంభైతొమ్మిది మందిని ఏ జట్టూ కొనదు. ఏ టీ బంకులోనూ వాళ్ల పేరు వినిపించదు. వాళ్లు టీచర్లవుతారు, నర్సులవుతారు, కూలీలవుతారు, తల్లులవుతారు. సాయంత్రం గంటసేపు ఒళ్లు అలిసేలా పరుగెత్తిన పిల్లకు తన ఒంటి మీద తనకే అధికారమన్న నమ్మకం వస్తుంది. పదహారేళ్లకు పెళ్లంటే "నేను చేసుకోను" అని చెప్పే గొంతు వస్తుంది. ఆ తొంభైతొమ్మిది మందికి ఆట హక్కయిననాడు, ఆ నూరోదాని ధర గురించి అభిమానులు ఎంతసేపైనా వాదించుకోవచ్చు.